తాడు కుంగిన ఇళ్ళు

నేను రోజూ పొద్దున్నే మేడెక్కి ఎదురింటి డ్రిల్లు మాస్టారిని చూస్తున్నానని మూలింటావిడ అందట. పాలావిడ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది గానీ కళ్ళు తగ్గించలేదు.

"నాకెందుకులే అమ్మా, ఆవిడ అన్నది అన్నట్టు చెప్తున్నాను. 'మొగుడు డ్యూటీకి పోగానే ఆ మిషనమ్మకి మేడ మీద ఏం పని? ఆయన బనీను కూడా లేకుండా బస్కీలు తీస్తుంటే, ఈవిడ గోడకానుకుని కాగితం మీద రాసుకుంటుంది. ఎన్ని తీశాడో లెక్క కాబోలు' అందట."

నేను పడీ పడీ నవ్వాను. ఆ నింద నిజమైతే ఎంత బాగుండేదో అని ఇప్పుడనిపిస్తుంది. ఒక మగాడి బస్కీలు చూసిందన్న మాట ఆరు నెలల్లో పాతబడిపోతుంది. నేను చేసినది అలా పాతబడేది కాదు.

మిషనమ్మ అంటే నేనే. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. నేను ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుడతాను. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, డోరు నంబరు నలభై రెండు. మాతోపాటు మా అత్తయ్య. ముందు ఆవిడ నోరు పుట్టి, వెనక ఆవిడ పుట్టిందంటారు మావాళ్ళు. వీధి చివర సిమెంటు బెంచీ మీద సాయంత్రం నలుగురు ముసలమ్మలు చేరితే అందులో ముగ్గురు వినడానికి వచ్చినవాళ్ళు, ఒకరు చెప్పడానికి వచ్చిన మా అత్తయ్య.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట బెంచీకి వెళ్ళడం మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. మోకాళ్ళు రాయిలా ఉన్నాయి. అసలు సంగతి దుప్పట్లు ఉతికే నాకు తెలుసు. దగ్గితే ఆగదు, నవ్వితే ఆగదు, నిద్రలో అసలే ఆగదు. షాపులో దొరికే ప్లాస్టిక్‌వి తెచ్చిపెడితే తొడలు ఒరుసుకుపోయి మంటలెత్తాయి. "దీనికంటే తడుపుకోవడమే నయం" అని విసిరికొట్టింది.

అప్పుడు నేను మిషను ముందు కూచున్నాను. లోపల మెత్తటి నూలుగుడ్డ, మధ్యలో రెండు పొరలు తువ్వాలు గుడ్డ, బయట రెయిన్‌కోటు గుడ్డ, పక్కన అంటుకునే పట్టీలు. ఆరుసార్లు కుట్టి ఆరుసార్లు విప్పాను. ప్రతిసారీ ఆవిడ నడుం చుట్టూ టేపు చుట్టేదాన్ని. "పెళ్ళిలో కూడా నాకిన్ని కొలతలు ఎవరూ తియ్యలేదే" అనేది. ఏడోది కుదిరింది. దానికి కవచం అని తనే పేరు పెట్టింది. "ఇవాళ కవచం ఆరిందా?" అని వంటింట్లోకి కేకేసేది.

అది కట్టుకుని బెంచీకి వెళ్ళి వచ్చిన మొదటి సాయంత్రం గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "గట్టిగా నవ్వానే. ఏమీ కాలేదు."

అక్కడే ఆగిపోతే నేను మంచి కోడలిని. కానీ నేను బీకాం చదివినదాన్ని. మూడో సంవత్సరంలో మార్కెట్ సర్వే మీద పదహారు మార్కుల ప్రశ్నకి పద్నాలుగు తెచ్చుకున్నదాన్ని. పెళ్ళయ్యాక జాకెట్ల చంకలు సరిచేసే బతుకులో ఆ పద్నాలుగు మార్కులూ పెట్టెలో పెట్టిన పట్టుబట్టలా పడి ఉన్నాయి. మా అత్తయ్య ఒక్కదానికే ఎందుకు, ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో అనిపించింది. ఒకటి పట్టుకుని వీధి మొదట్లో మందుల షాపు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు లాగి, నీళ్ళు పోసి చూశాడు. "సరుకు బాగుందమ్మా. కొనేవాళ్ళేరీ?"

"ఉంటారు బాబాయిగారూ."

"ఉంటారంటే కాదు. ఎన్ని ఇళ్ళు? కనీసం ముప్పై ఇళ్ళున్నాయని చూపించు. అద్దాల బీరువాలో ఒక అర మొత్తం నీకిస్తాను."

సరే, చూపిద్దామనుకున్నాను. ఎనిమిది ప్రశ్నలు రాసి, జెరాక్సులు తీయించి, మా వీధీ వెనక వీధీ కలిపి నూట పన్నెండు తలుపులు తట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా, పక్క తడిచే ఇబ్బంది ఉందా, ఉంటే ఏం వాడుతున్నారు, అని.

నూట పన్నెండు ఇళ్ళలో నూట పన్నెండూ లేదన్నాయి.

"మా ఇంట్లోనా? ఛఛ! ఎవరు చెప్పారు నీకు?" అని ఒకావిడ. "మా నాన్నగారికి ఎనభై రెండు. ఇనపగుండు" అని ఒకాయన. మూలింటావిడైతే చేయి పట్టుకుని లోపలికి లాగి, "మా ఇంట్లో లేదు గానీ, పై వాటాలో అడుగు. నేను అడగమన్నానని చెప్పకు" అంది. పై వాటా వాళ్ళు కింద వాటాలో అడగమన్నారు. అందరి మాటా నమ్మితే, ఆ జబ్బు ఎవరింట్లోనూ లేదు, అందరి పక్కింట్లోనూ ఉంది.

జెరాక్సు కాగితాలు ముందేసుకుని కూచుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న గొడ్ల బేరగాడు. ఏ ఊరెళ్ళినా ఎవరింట్లో ఎన్ని పాడిగేదెలున్నాయో మనుషుల్ని అడిగేవాడు కాదు. దొడ్డి వెనక్కి పోయి పేడకుప్ప చూసేవాడు. "నోరు అబద్ధమాడుతుందమ్మాయ్. కుప్ప ఆడదు" అనేవాడు.

మర్నాడు పొద్దున్నే మేడెక్కాను. మాది ఎత్తు మేడ. రెండు వీధుల మేడలూ, పెరళ్ళూ, బట్టలారేసిన తాళ్ళూ మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి.

మొదటి రెండ్రోజులూ ఏమీ దొరకలేదు. ఎవరూ మరకల దుప్పటి వీధికి కనబడేలా ఆరెయ్యరు. మూడోరోజున నా బుర్రకి తట్టింది. నేనెలా ఆరేస్తున్నాను? మా అత్తయ్య దుప్పటి తాడు మీద వేసి, దాని మీద పూలపూల మంచి దుప్పటి ఒకటి కప్పుతాను. కింది నుంచి చూసేవాళ్ళకి పూలే కనిపిస్తాయి. కానీ రెండు తడి దుప్పట్ల బరువుకి తాడు మధ్యలో కుంగుతుంది. ఒక్క దుప్పటికి అంత కుంగదు.

అంతే, కళ్ళు తెరుచుకున్నాయి. పూలదుప్పట్లు మాని తాళ్ళు చూడ్డం మొదలుపెట్టాను. పదహారో నంబరు, రోజూ కుంగుతుంది. ఇరవై తొమ్మిది, రోజు విడిచి రోజు. మూలింటావిడ తాడు అయితే నేలకి జానెడు ఎత్తులో ఉంది, మహాతల్లి. చంటిపిల్లలున్న ఇళ్ళు తీసేశాను. ఒక్కరోజు కుంగి మానేసినవి తీసేశాను. రబ్బరు షీటు ఎండకి పెట్టిన ఇంటికి పక్కన చుక్క పెట్టాను. నాలుగు వారాలు, వాన పడిన రెండ్రోజులు తప్ప, పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా రాశాను. ఎదురుగా యాభై ఏడో నంబరు మేడ మీద డ్రిల్లు మాస్టారు బస్కీలు తీస్తుండేవారు. ఆయన వెనక తాడు కూడా కుంగి ఉండేది. ఆ ఇంట్లో ఉండేది ఆయనా, భార్యా. ఊరి నుంచి వచ్చిన ముసలి తల్లి ఎవరో లోపల మంచాన పడి ఉంటుందనుకుని రాసుకున్నాను.

లెక్క తేలింది. ముప్పై నాలుగు ఇళ్ళు.

నిజానికి ముప్పై అయిదు. నలభై ఒకటి రాసి, నలభై మూడు రాశాను. మధ్యలో మా నంబరు దగ్గర పెన్ను ఆగింది. మాకు కుట్టి పెట్టేదాన్ని నేనే ఉన్నాను, మేము కొనేవాళ్ళం కాదు కదా, కొనేవాళ్ళ లెక్కలో మేమెందుకు, అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువుకున్నవాళ్ళకి ఇదొక సుఖం. సిగ్గుకి కూడా ఒక కారణం దొరుకుతుంది.

షాపు పెద్దాయన నా మాట విని కళ్ళజోడు పైకి తోశాడు. "ముప్పై నాలుగని నువ్వంటే సరిపోతుందా? నేనూ అంటాను ఐదొందలని. ఏయే ఇళ్ళు?"

"నంబర్లెందుకండీ..."

"మరి గుడ్డిగా సరుకెత్తుకోమంటావా?"

నా పద్నాలుగు మార్కుల జవాబులోనే ఉంది, వివరాలు ఇచ్చినవాళ్ళ గుట్టు బయటపెట్టకూడదని. గీత కూడా గీశాను దాని కింద. కానీ వీళ్ళు ఇచ్చినవాళ్ళు కాదుగా, నేను చూసినవాళ్ళు, అనుకున్నాను. పుస్తకంలోంచి కాగితం చించి గల్లా మీద పెట్టాను. ఆయన నంబర్లు వేలితో లెక్కపెట్టుకుని, "ముప్పై నాలుగు కుట్టి పట్రా. శాంపిళ్ళు" అన్నాడు. కుట్టి ఇచ్చాను. వాటిని బీరువాలో పెడతాడనుకున్నాను. ఎలా పంచుతారండీ అని ఒక్కమాట అడిగితే పోయేది. అడగలేదు. ఆ అర మీద నా పేరున్న అట్టముక్క అప్పటికే నా కళ్ళకి కనబడుతోంది.

ఆదివారం పొద్దున పది గంటలకి, వీధంతా గుమ్మాల్లో ఉన్న వేళ, షాపు సరుకులు ఇళ్ళకి చేరవేసే ఆయన సైకిలు మీద సంచీ వేలాడేసుకుని వచ్చాడు. మంచివాడే. బజారులో కేకలేసి సరుకు అమ్మిన గొంతు. చేతిలో నా కాగితం. ప్రతి ప్యాకెట్టు మీదా చీటీ అంటించి ఉంది: 'మీ ఇంట్లో పక్క తడిపేవారి కోసం. ఉచితం. నచ్చితే మా షాపుకు రండి.'

"పదహారూ! మందుల షాపు నుంచమ్మా! పక్క తడిపేవాళ్ళకి!"

నేను మిషను మీద నుంచి లేచి కిటికీ దగ్గరికొచ్చేసరికి ఇరవై తొమ్మిదికి చేరాడు. తలుపులు వేసుకోవడం మొదలైంది. ఆయన వేసిన తలుపు మీద కూడా తట్టి, నంబరు చదివి, గుమ్మంలో పెట్టి పోతున్నాడు. నేను కిందికి పరిగెత్తలేదు. అది కూడా చెప్పాలి. మూడు అంతస్తులు దిగి ఆ కాగితం లాక్కోవచ్చు. కాగితం నాదని తెలిసిపోతుందని కిటికీ వెనక నిలబడ్డాను.

"యాభై ఏడూ!"

ఆ ఇంట్లోంచి ముసలి తల్లి రాలేదు. ముసలి తల్లి లేదు. డ్రిల్లు మాస్టారే వచ్చారు. నిరుడు ఆయనకి ఏదో ఆపరేషనైందని, మూడు వారాలు బడికి సెలవు పెట్టారని అప్పుడు గుర్తొచ్చింది నాకు. వీధంతా చూస్తుండగా, విరిచిన ఛాతీతో, రెండు చేతులూ చాచి ప్యాకెట్టు అందుకున్నారు. "థాంక్సండీ" అన్నారు. తలుపు మెల్లగా వేసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మర్నాటి నుంచి ఆ మేడ మీద బస్కీలు లేవు. ఆయన సెలవు పెట్టారని పాలావిడ చెప్పింది. మూడోరోజుకి ఆ మేడ మీద తాడే విప్పేశారు. వారం తిరిగేసరికి రెండు వీధుల్లోనూ మేడల మీద దుప్పటనేది కనబడలేదు. ఎండ కాస్తూనే ఉంది. జనం గదుల్లో ఫ్యాన్లు పెట్టుకుని ఆరబెట్టుకుంటున్నారు.

షాపు పెద్దాయన కబురు పెట్టాడు. వెళ్తే మొహం వెలిగిపోతోంది. "తిట్టడానికి ఇరవై మంది వచ్చారమ్మా. కొనడానికి ఆరుగురు, అదీ షాపు మూసే వేళకి, వెనక గుమ్మం నుంచి. ఆ ఆరుగురిలో ముగ్గురు పొద్దున తిట్టినవాళ్ళే! అర నీదే."

నాకు సంతోషమైంది. ఒక్క క్షణమే అయినా అయింది. దాచుకోను. ఆ క్షణం తల్చుకుంటే ఇప్పటికీ వీపు మీద జెర్రి పాకినట్టుంటుంది.

ఇంట్లో మా అత్తయ్య బెంచీకి వెళ్తూనే ఉంది, వస్తూనే ఉంది. వచ్చి మాత్రం ఏమీ చెప్పడం లేదు. ఆవిడ నోరు మూసుకోవడం నా పెళ్ళయ్యాక అదే మొదలు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. మా ఆయన మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటూ, "డిపోలో కూడా అడుగుతున్నారు. నీ జాబితాలో డ్రైవర్లున్నారా అని" అన్నాడు. అది ఎకసెక్కమో, ఏడుపో తెలియలేదు.

శనివారం సాయంత్రం ఏడుగురు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. ముందు మూలింటావిడ. ఆవిడ చేతిలో నా కాగితం ఉంది. సరుకులాయన దగ్గర లాక్కుందట. అందరూ ప్యాకెట్లు తెచ్చి నా మిషను మీద పడేశారు. కుట్టుకోసం పెట్టిన గుడ్డ కనబడకుండా కుప్ప పడింది. మా ఆయన చెప్పులేసుకున్నాడు గానీ, గుమ్మం నిండా వాళ్ళే ఉండడంతో మళ్ళీ విప్పేసి గోడవైపు నిలబడ్డాడు. మా అత్తయ్య కిటికీ కింద కూచుని, నేను తప్పుగా కుట్టిన లంగాకి దారాలు పీకుతోంది.

"రాత నీదేగా?" అంది మూలింటావిడ.

"నాదే పిన్నిగారూ. తప్పయింది."

"నువ్వు మేడెక్కేది మగాళ్ళని చూడ్డానికనుకున్నానే. అదే అయినా మర్యాదగా ఉండేది. మా బట్టలు చూస్తావా?"

"కొనేవాళ్ళు ఎంతమందో తెలుసుకుందామని..."

"తెలిసిందా?" అంది పదహారో నంబరావిడ. "మా మామగారు మూడ్రోజుల నుంచి మంచినీళ్ళు తాగడం లేదు. తాగితేనే గదా వచ్చేదీ అంటున్నాడు. అది కూడా రాసుకో నీ కాగితంలో."

మూలింటావిడ కాగితం మడత విప్పి, వేలు పెట్టి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. నలభై మూడు." ఆగి నా మొహంలోకి చూసింది. "నలభై రెండేమైందమ్మా? మీ ఇంటి తాడు కుంగదా?"

ఏడుగురూ నన్నే చూస్తున్నారు. కిటికీ కింద దారం పీకే చప్పుడు ఆగింది. నూట పన్నెండు గుమ్మాల్లో నేను విన్న మాట ఉంది చూడండి, అదే మాట, అదే గొంతు, నా నోట్లోంచి వచ్చింది.

"మా ఇంట్లోనా? మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండీ."

అప్పటిదాకా నోరు మెదపని డ్రిల్లు మాస్టారి భార్య ముందుకొచ్చింది. సన్నటి మనిషి. అందరూ ప్యాకెట్లు పడేశారు గానీ ఆవిడ చేతులు ఖాళీ. మా పొరుగునే పదకొండేళ్ళుగా ఉండి నాతో ఎప్పుడూ గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు.

"మీది మాస్టారికి బాగా సరిపోయిందండీ. పట్టీలు చాలా జాగ్రత్తగా పెట్టారు. ఎవరికీ పెట్టి చూడకుండా అంత బాగా ఎలా కుదిరిందీ అని అడుగుతున్నాను. అంతే."

ఆవిడ వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. ఒక్కమాట నిజం చెప్పడానికి అంతకంటే మెత్తటి చోటు నాకు దొరకదు. అయినా నా నోరు అబద్ధానికి అలవాటు పడిపోయింది.

"ఏముందండీ... ఊహించి కుట్టాను."

మా అత్తయ్య లంగా పక్కన పెట్టింది. గోడ పట్టుకుని లేచింది. ఆవిడ లేస్తుంటే మా ఆయన చెయ్యివ్వబోతే, వద్దని తోసేసింది. బెంచీ మీద నలుగురికీ వినబడే ఆ పాత గొంతుతో అంది:

"ఊహా? ఆరుసార్లు నా నడుం చుట్టూ టేపు చుట్టింది ఊహేనటే? ఇప్పుడు కూడా కట్టుకునే కూచున్నాను. నన్ను చెప్పుకోడానికి సిగ్గేసినదానివి, వాళ్ళిళ్ళన్నీ ఎట్లా రాశావే?"